కారు హీటర్ చల్లగాలి కొడుతుంటే: ఏ మరమ్మతు ముందు, ఏది ఆఖరున

అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాలకు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లలో చాలామందికి కారులో హీటర్ ఉందన్న సంగతి నవంబరులో గాని గుర్తుకు రాదు. విజయవాడలోనో వరంగల్‌లోనో కారు నడిపినన్నాళ్లూ ఉష్ణోగ్రత మీటను ఎర్ర రంగు వైపు తిప్పే అవసరమే ఉండదు. షికాగోలోనో డెట్రాయిట్‌లోనో ఆగస్టు నెలలో సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు ఏసీని పది నిమిషాలు పరీక్షిస్తారు గానీ హీటర్ తిప్పి చూడరు. తీరా చలికాలం వచ్చాక ఫ్యాను గట్టిగా తిరుగుతున్నా గాలి చల్లగానే వస్తుంది. వర్క్‌షాపుకు వెళితే తరచుగా మొదట వినబడే మాట "హీటర్ కోర్ పోయింది". దానికి చెప్పే ధర వెయ్యి డాలర్లు దాటడం మామూలే. నాలుగు వేలకు కొన్న కారుకు అది చిన్న ఖర్చు కాదు.

నన్నడిగితే హీటర్ కోర్ మార్పు అనే మాట అన్నిటికన్నా చివర రావాలి. దానికి ముందు చూడవలసిన కారణాలు నాలుగైదు ఉన్నాయి. వాటిలో కొన్ని ఒక్క కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బాతో తీరిపోయేవి. మీ కారుకు ఏది వర్తిస్తుందో తేల్చుకోవడానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. ఒక టార్చిలైటు, గంటసేపు ఓపిక ఉంటే సగం దారి నడిచినట్టే.

ఒక చిన్న విడదీత ముందే చేసుకోవాలి. ఫ్యాను అసలు తిరగకపోతే అది వేరే జబ్బు: ఫ్యూజ్, బ్లోయర్ మోటారు, లేదా దాని రెసిస్టర్ (ఫ్యాను స్పీడును తగ్గించే భాగం). అన్నిటికన్నా పై స్పీడులో మాత్రమే తిరిగి మిగతా స్పీడుల్లో ఆగిపోతుంటే అనుమానం రెసిస్టర్ మీదే. గాలి వేడిగానే ఉండి నీరసంగా వస్తుంటే గ్లవ్ బాక్స్ వెనుక ఉండే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. ఎండుటాకులు, ఒక్కోసారి ఎలుక కట్టిన గూడు బయటపడతాయి. ఇక్కడ మాట్లాడుకునేది గాలి ధాటిగా వస్తూ, వేడి మాత్రం లేని కారు గురించి.

అసలు వేడి ఎక్కడిది

పెట్రోలు కారులో హీటర్‌కు సొంత పొయ్యి లేదు. ఇంజన్ ఎలాగూ వదిలించుకోవలసిన వేడినే మనం వాడుకుంటాం. ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్ సుమారు 90 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అందులో కొంత భాగం రెండు రబ్బరు గొట్టాల ద్వారా డాష్‌బోర్డ్ వెనుక దాగిన చిన్న రేడియేటర్‌లోకి వెళ్లి తిరిగి వస్తుంది. ఆ చిన్న రేడియేటరే హీటర్ కోర్. ఫ్యాను దాని మీదుగా గాలిని తోస్తుంది. ఎంత గాలి కోర్ మీదుగా పోవాలో, ఎంత పక్కనుంచి తప్పుకోవాలో బ్లెండ్ డోర్ అనే ప్లాస్టిక్ తలుపు నిర్ణయిస్తుంది. అంటే ఇంజన్ వేడెక్కాలి, కూలెంట్ సరిపడా ఉండాలి, అది కోర్ గుండా పారాలి, తలుపు సరైన వైపుకు తిరగాలి. ఈ నాలుగింటిలో ఏది తప్పినా చేతికి తగిలేది అదే చల్లగాలి. అందుకే గాలిని బట్టి రోగం చెప్పడం సాధ్యం కాదు.

సున్నాకు 20 డిగ్రీలు కింద ఉన్న ఉదయం మొదటి ఐదు పది నిమిషాలు చల్లగాలి రావడం రోగం కింద లెక్క కాదు. ముఖ్యంగా చిన్న టర్బో ఇంజన్లు నిలబెట్టి ఉంచితే చాలా నెమ్మదిగా వేడెక్కుతాయి. ఒకటి రెండు నిమిషాల తర్వాత నిదానంగా నడపడం మొదలుపెడితే హీటర్ త్వరగా అందుకుంటుంది. అద్దం పూర్తిగా గీకి, దారి స్పష్టంగా కనబడేలా చేసుకున్నాకే సుమా. ఇరవై నిమిషాలు నడిపినా వేడి రాకపోతే అప్పుడు బానెట్ ఎత్తాలి.

డబ్బు తీయకముందు చేయవలసిన మూడు పరీక్షలు

మొదటిది కూలెంట్ మట్టం. రాత్రంతా నిలిపి ఉంచిన కారులో, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చూడాలి. పక్కనుండే ప్లాస్టిక్ ట్యాంకు మీద కనిష్ఠం, గరిష్ఠం అనే రెండు గీతలు ఉంటాయి. రేడియేటర్‌కు విడిగా మూత ఉన్న కార్లలో ఆ మూత కూడా తీసి చూడండి. ట్యాంకులో కూలెంట్ ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండే కార్లున్నాయి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మూత జోలికి మాత్రం పోవద్దు. లోపల వాతావరణ పీడనానికి మించి దాదాపు మరో అంత ఒత్తిడి ఉంటుంది. మూత వదులవగానే కాగిన కూలెంట్ ముఖం మీదకు చిమ్ముతుంది.

రెండవది ఉష్ణోగ్రత ముల్లు. పావుగంట నడిపాక అది మామూలు చోటికి చేరిందా, కిందనే వేలాడుతోందా, ఎర్ర గీత వైపు పోతోందా? ఇందులో ఒక మెలిక ఉంది. ఇటీవలి కార్లలో చాలావాటికి ఆ ముల్లు ఇంజన్ ఉష్ణోగ్రతను ఉన్నదున్నట్టు చూపదు. డ్రైవరు కంగారు పడకుండా ఉండేందుకు కొన్ని డిగ్రీల తేడాలను మింగేసి మధ్యలోనే నిలబడుతుంది. అందుకని కారు కంప్యూటర్‌ను చదివి ఫోనుకు పంపే ఓబీడీ స్కానర్‌ను ఇరవై ముప్పై డాలర్లకు కొనుక్కోవడం మంచి ఖర్చు. అమెరికాలో 1996 నుంచి అమ్మిన కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఆ సాకెట్ ఉంటుంది. ఫోనులో కూలెంట్ అసలు ఉష్ణోగ్రత కనిపిస్తుంది. 85 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటే ఇంజన్ తన పని తాను చేస్తోంది. హైవే మీద 60, 65 దగ్గర ఆడుతుంటే మీకు జవాబు దొరికేసినట్టే: థర్మోస్టాట్, అంటే కూలెంట్‌ను పెద్ద రేడియేటర్‌కు వదిలే వాల్వు.

మూడవది ఆ రెండు గొట్టాలు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే, అయినా దీన్ని చేసేవాళ్లు తక్కువ. ఇంజన్‌కూ కారు లోపలికీ మధ్యనున్న ఇనుప గోడలోకి పక్కపక్కనే దూరే రెండు సన్నటి రబ్బరు గొట్టాలను వెతకండి. హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి, ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, ఆపేసి, వెంటనే రెండింటినీ వేలితో తాకి చూడండి. ఇంజన్ తిరుగుతుండగా చేయి పెట్టవద్దు. మెడలో మఫ్లరు, చున్నీ ఉంటే ముందే తీసేయండి. చేత్తో తాకడం ఇష్టం లేకపోతే దూరం నుంచే చదివే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడవచ్చు.

రెండూ చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నాయా? అయితే కూలెంట్ కోర్ దాకా వెళ్లి తిరిగి వస్తోంది. లోపం డాష్‌బోర్డ్ లోపల, బ్లెండ్ డోర్ దగ్గర ఉంది. ఒకటి కాలిపోతూ రెండోది గోరువెచ్చగా ఉందా? కోర్ పూడుకుపోయింది, లేదా ప్రవాహం బాగా నెమ్మదించింది. రెండూ గోరువెచ్చగా ఉండి ఇంజన్ ఉష్ణోగ్రత కూడా తక్కువగా ఉంటే థర్మోస్టాట్. రెండూ చల్లగా ఉండి ఇంజన్ మాత్రం మామూలు వేడిలో ఉంటే కూలెంట్ తగ్గింది, గాలి చేరింది, లేదా కూలెంట్‌ను తిప్పే పంపు బలహీనపడింది. కొన్ని కార్లలో ఈ గొట్టం మధ్యలో ఒక వాల్వు ఉంటుంది. అది మూసుకుని ఇరుక్కున్నా ఇదే లక్షణం.

వీటికి తోడు నడిపేటప్పుడు కనిపించే గుర్తులు కొన్ని ఉన్నాయి. సిగ్నల్ దగ్గర ఆగితే చల్లగా, యాక్సిలరేటర్ తొక్కితే వేడిగా వస్తుంటే కూలెంట్ తక్కువైందనో గాలి బుడగ ఇరుక్కుందనో అనుకోవచ్చు. డాష్‌బోర్డ్ వెనుక నీళ్లు గలగలమన్న చప్పుడు దానికి సాక్ష్యం. డ్రైవరు వైపు చల్లగా, పక్క సీటు వైపు వేడిగా వస్తుంటే చాలాసార్లు బ్లెండ్ డోరే దోషి, అప్పుడప్పుడు సగం పూడిన కోర్. తీపి వాసన, ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొర, కాళ్ల దగ్గర తడిసిన తివాచీ ఉంటే కోర్ నిజంగానే కారుతోంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన జోడీ ఒకటుంది: హీటర్ చల్లగా, ముల్లు ఎర్ర గీతలో. ఇంజన్ మండిపోతున్నా హీటర్‌కు వేడి అందడం లేదంటే కూలెంట్ తిరగడమే లేదు. ఇంకో రెండు మైళ్లే కదా అని నడపవద్దు. పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, టో బండిని పిలవండి. ఆ రెండు మైళ్లు ఇంజన్‌నే తినేయగలవు.

కూలెంట్ నింపడం: చవక, కానీ ప్రశ్న మిగిలే ఉంటుంది

మట్టం తక్కువగా ఉంటే మొదటి పని ఇదే. ఇందులో రెండో ఆలోచన లేదు. ఎంచుకోవలసినదల్లా ఏ కూలెంట్, ఏ రూపంలో అన్నదే.

రంగును నమ్మకండి. టయోటా గులాబీ రంగు వాడుతుంది, హోండా నీలం, జనరల్ మోటార్స్ నారింజ. ఇవి ఆయా కంపెనీల ఇష్టాలే గానీ ఉమ్మడి ప్రమాణం కాదు. కారు మాన్యువల్‌లో రాసిన రకమే పోయండి. వేర్వేరు రకాలు కలిస్తే తుప్పును ఆపే గుణం తగ్గుతుంది, కొన్ని కలయికల్లో మడ్డి కూడా కడుతుంది. ఆ మడ్డి మొదట చేరేది సన్నటి దారులున్న హీటర్ కోర్‌లోకే.

సగం నీళ్లు కలిపి అమ్మే డబ్బా కొనాలా, చిక్కటిది కొనాలా? కొద్దిగా తగ్గినదాన్ని నింపడానికి కలిపినదే సుఖం. కానీ వ్యవస్థను నీళ్లతో కడిగినప్పుడు ఇంజన్ లోపల కొంత నీరు ఎలాగూ మిగిలిపోతుంది. ఆ పైన కలిపిన డబ్బా పోస్తే మిశ్రమం పలచబడుతుంది. అలాంటప్పుడు చిక్కటిది కొని, లెక్క చూసుకుని డిస్టిల్డ్ వాటర్ కలపడం మేలు. సగం సగం మిశ్రమం సుమారు సున్నాకు 37 డిగ్రీల కింద దాకా గడ్డకట్టదు.

ఇక్కడ మన అలవాటు ఒకటి చెప్పక తప్పదు. రేడియేటర్‌లో మట్టం తగ్గితే సీసాలో నీళ్లు పోసేయడం మన ఊళ్లలో ఎవరూ తప్పుగా చూడరు. అక్కడ దానివల్ల తుప్పు పడుతుందేమో గానీ బండి ఆగదు. మిన్నెసోటాలో అదే పని చేస్తే గడ్డకట్టిన నీరు దాదాపు 9 శాతం వ్యాకోచించి ఇంజన్ దిమ్మెనే పగలగొట్టగలదు. పూర్తిగా గడ్డకట్టకుండా నలిగిన మంచులా మారినా చాలు, కూలెంట్ కదలదు. బయట ఎముకలు కొరికే చలి, లోపల చల్లగాలి, ముల్లు మాత్రం ఎర్ర గీతలో. టెక్సస్‌లో చదువుకుంటూ కారు కొని, ఉద్యోగం రాగానే అదే కారుతో ఉత్తరాదికి మకాం మార్చేవాళ్లు దీన్ని తప్పక చూసుకోవాలి. వెచ్చటి రాష్ట్రంలో తిరిగిన పాత కారులో కూలెంట్ ఎంత పలచబడిందో ఎవరికి ఎరుక? కొద్ది డాలర్లకు దొరికే కూలెంట్ టెస్టర్ ఎంత చలిదాకా ఆగుతుందో చెబుతుంది. ఆ మాటకొస్తే టెక్సస్‌లో ఉన్నవాళ్లకూ పూర్తి నిశ్చింత లేదు. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత సున్నాకు 19 డిగ్రీల కిందికి పడిపోయింది.

నింపాక గాలి తీయాలి. కారు ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, చల్లటి ఇంజన్ మీద మూత తీసి, అక్కడ బిగించే ప్రత్యేక గరాటు పెట్టి, హీటర్ పూర్తి వేడిలో ఉంచి ఇంజన్ నడపండి. థర్మోస్టాట్ తెరుచుకున్నాక బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. బుడగలు ఆగేదాకా ఇదే పని. కొన్ని ఇంజన్లకు గాలి తీసే మరలు విడిగా ఉంటాయి, మాన్యువల్ చూడండి.

హీటర్ వేడెక్కితే సంతోషమే, కానీ పని అయిపోలేదు. ఇది మూసిన వ్యవస్థ. కూలెంట్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడికో పోయింది. ట్యాంకు మీద మార్కర్‌తో గీత గీసి, వారం తర్వాత చూడండి. దిగితే కారుతున్నట్టు. అది బయటికి కారుతోందా, లోపల సిలిండర్‌లోకి పోతోందా అన్నది ఒత్తిడి పరీక్షతో తేలుతుంది. ఆటోజోన్ వంటి విడిభాగాల దుకాణాలు ఆ పరికరాన్ని డిపాజిట్ తీసుకుని అరువిస్తాయి, తిరిగి ఇస్తే డబ్బు వెనక్కిస్తాయి.

ఇంకో మాట. కూలెంట్ విషం, పైగా తీపి. కింద పడితే కుక్కలు, పిల్లులు నాకుతాయి. వెంటనే తుడిచేయండి, వాననీటి కాలువలో పారబోయడం నేరం కూడా.

థర్మోస్టాట్: లక్షణం స్పష్టంగా ఉంటే సందేహించకండి

థర్మోస్టాట్ చల్లటి ఇంజన్‌లో మూసుకుని ఉండి, వేడెక్కాక తెరుచుకునే చిన్న వాల్వు. అది తెరిచిన స్థితిలో ఇరుక్కుంటే కూలెంట్ ఎప్పుడూ పెద్ద రేడియేటర్ గుండా తిరుగుతుంది, ఇంజన్ వేడెక్కదు. ట్రాఫిక్‌లో కాస్త వెచ్చగా, హైవే మీద చల్లటి గాలి తగలగానే మళ్లీ చల్లగా రావడం దీని ముద్ర. చెక్ ఇంజన్ దీపం వెలిగి, స్కానర్ పి0128 అనే కోడ్ చూపితే అది దాదాపు ఖాయం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే రేడియేటర్ పై గొట్టం వెచ్చబడడం మొదలైతే ఇంకో సాక్ష్యం. బాగున్న థర్మోస్టాట్ అయితే ఇంజన్ వేడెక్కేదాకా ఆ గొట్టం చల్లగానే ఉంటుంది.

మరమ్మతుల్లో పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. భాగం చాలా కార్లకు ఇరవై నుంచి అరవై డాలర్లు, పని గంట రెండు గంటలు. చేయకుండా నెట్టుకొస్తే పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది, ఎందుకంటే ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ ఇంధనం ఎక్కువ పోస్తుంది. కొనేటప్పుడు మరీ చవకదాని జోలికి పోకుండా, కారు కంపెనీదో, దానికి సరఫరా చేసే తయారీదారుదో తీసుకోండి. తేడా పది పదిహేను డాలర్లు. మళ్లీ విప్పే శ్రమ అంతకన్నా ఎక్కువ.

ముల్లు మామూలుగా ఉండి, స్కానర్ కూడా 90 చూపుతుంటే మాత్రం థర్మోస్టాట్ మార్చవద్దు. చవకే కదా అని మార్చి, సమస్య పోక, ఆ తర్వాత అసలు కారణం వెతికేవాళ్లు చాలామంది.

బ్లెండ్ డోర్: చిన్న మోటారా, మొత్తం డాష్‌బోర్డా

రెండు గొట్టాలూ వేడిగా ఉన్న కారుకు ఇదే దారి. తలుపును తిప్పేది యాక్చుయేటర్ అనే చిన్న ఎలక్ట్రిక్ మోటారు. దానిలో పళ్ల చక్రాలు ప్లాస్టిక్‌వి. ఒక పన్ను విరిగితే ఉష్ణోగ్రత మార్చినప్పుడల్లా డాష్‌బోర్డ్ లోపల టిక్ టిక్ మని చప్పుడు. అది వినబడితే సందేహం సగం తీరింది.

మోటారు మార్చే ముందు పైసా ఖర్చు లేని ప్రయత్నం ఒకటుంది. బ్యాటరీ నెగెటివ్ వైరు పది నిమిషాలు తీసి మళ్లీ బిగిస్తే కొన్ని కార్లు తలుపు స్థానాన్ని మళ్లీ నేర్చుకుంటాయి. కుదరకపోతే మోటారు. అది గ్లవ్ బాక్స్ వెనుకో డ్రైవరు కాళ్ల దగ్గరో చేతికందే చోట ఉంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు. అందని చోట ఉంటే కూలి భాగం ధరను ఎన్నో రెట్లు మించిపోతుంది. కాబట్టి మీ మోడల్‌లో అది ఎక్కడుందో ముందు వీడియోలో చూసి, తర్వాత ధర అడగండి. మోటారు బాగుండి తలుపే విరిగిన కార్లు కొన్ని ఉంటాయి. వాటిలో డాష్‌బోర్డ్ విప్పడం దాదాపు తప్పదు.

పాత కార్లలో, మన దేశంలో ఏసీకి గుండ్రటి మీటలున్న మోడళ్లలో, ఈ తలుపును ఒక తీగ లాగుతుంది. తీగ జారితే తిరిగి తగిలించడమే మరమ్మతు.

హీటర్ కోర్: కడగడమా, మార్చడమా

ఒక గొట్టం వేడి, ఇంకోటి చల్లన. కూలెంట్ నిండుగా ఉంది, గాలి తీశారు, అయినా మార్పు లేదు. అప్పుడు కోర్ మీదకు రావాలి. వచ్చాక కూడా ముందు కడగండి. కారుతున్న కోర్ అయితే కడగడం వృథా, మార్చాల్సిందే. కారకుండా పూడుకుపోయినదైతే కడగడం చాలాసార్లు పనిచేస్తుంది, కనీసం కొన్ని చలికాలాలు గడుపుతుంది.

విధానం కష్టమేమీ కాదు. చల్లటి ఇంజన్‌లో రెండు గొట్టాలూ విప్పి, బయటికి వచ్చే గొట్టం వైపునుంచి, అంటే మామూలు ప్రవాహానికి ఎదురుగా, నీళ్లు పంపాలి. గోధుమ రంగు మడ్డి వస్తుంది. తేటనీరు వచ్చేదాకా దిశ మార్చుకుంటూ పంపాలి. కొళాయిని సన్నగా తిప్పండి. కోర్ తట్టుకునేలా తయారయ్యేది కూలెంట్ వ్యవస్థ ఒత్తిడికి మాత్రమే. ఇంటి కొళాయి ఒత్తిడి దానికి మూడు నాలుగు రెట్లు ఉండగలదు. పూర్తిగా తిప్పితే పూడిన కోర్ కాస్తా కారే కోర్ అవుతుంది.

చలి రాష్ట్రాల్లో చిక్కెక్కడంటే, ఈ పని అవసరమయ్యే జనవరిలోనే ఇంటి బయటి కొళాయిలు గడ్డకట్టకుండా కట్టేసి ఉంటాయి. అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ స్థలంలో కారు విప్పడానికి ఒప్పుకోరు కూడా. సొంత గ్యారేజీ లేనివాళ్లకు వర్క్‌షాపే మార్గం. కడగడానికి వంద, రెండు వందల డాలర్లు అడుగుతారు. వెయ్యి డాలర్ల మార్పుకు ముందు అది పెట్టి చూడదగిన పందెం. మీరే చేసుకోగలిగితే అక్టోబరులోనే చేసుకోండి. కడిగాక కోర్‌లో మిగిలిన నీటిని ఊది బయటికి పంపడం మరచిపోకండి.

మార్పు ఎందుకంత ఖరీదు? భాగం ధర చాలా కార్లకు వంద, రెండు వందల డాలర్లే. కానీ అది డాష్‌బోర్డ్ వెనుక లోతులో ఉంటుంది. ఎన్నో కార్లలో స్టీరింగ్ దించి, డాష్‌బోర్డ్ మొత్తం విప్పి, ఏసీ గ్యాసు కూడా తీసి మళ్లీ నింపాలి. ఆరు నుంచి పది గంటల పని. గంట కూలి నూట యాభై అయితే లెక్క మీరే వేసుకోండి. గ్లవ్ బాక్స్ కిందినుంచి రెండు గంటల్లో మార్చగలిగే కార్లూ ఉన్నాయి, అందుకే పనికి ఎన్ని గంటలు రాశారో బిల్లు అంచనాలో అడగాలి.

వాటర్ పంపు, హెడ్ గ్యాస్కెట్

పంపు అరిగితే హీటర్ చల్లబడడంతో పాటు ఇంజన్ వేడెక్కుతుంది, పంపు దగ్గర కారిన మరకో కీచుమన్న చప్పుడో ఉంటుంది. ఇక్కడ ఎంచుకునేదేమీ లేదు, మార్చాలి. హోండా ఒడిస్సీలాంటి వి6 ఇంజన్లలో పంపును తిప్పేది టైమింగ్ బెల్టే కనుక రెండూ కలిపి ఒకేసారి మార్పించుకోండి. కూలి ఒక్కసారే పడుతుంది.

గాలి ఎన్నిసార్లు తీసినా మళ్లీ మళ్లీ చేరుతుంటే, ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తుంటే, పొగగొట్టం నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజన్ దిమ్మెకూ దాని పైభాగానికీ మధ్య కారకుండా బిగించే పొరను) అనుమానించాలి. ట్యాంకు మూతి దగ్గర పెట్టే పరీక్ష పరికరంలో నీలం ద్రవం పసుపు రంగుకు మారితే ఇంజన్ వాయువులు కూలెంట్‌లోకి వస్తున్నట్టు రుజువు. ఆ మరమ్మతు ఖర్చు పాత కారు విలువలో సగాన్ని మించవచ్చు. ఆ దశలో హీటర్ సంగతి వదిలేసి, ఈ కారు ఉంచుకోవాలా అన్నది ఆలోచించాలి.

దగ్గరి దారులు

కారడాన్ని ఆపుతుందని దుకాణంలో అమ్మే ద్రవాలు, పొడులు నాకు నచ్చవు. చిల్లును మూసే పదార్థం సన్నటి దారులను కూడా మూస్తుంది. కారే కోర్‌ను బాగుచేయబోయి పూడిన కోర్‌ను తెచ్చుకుంటారు. ఆరు నెలల్లో అమ్మేసే కారుకు కూడా వాడకండి. కొనేది మీలాంటి ఇంకో కొత్తవాడే.

కారుతున్న కోర్‌ను దాటేసి, రెండు గొట్టాలనూ ఒకదానికొకటి కలిపేయడం మాత్రం నిజాయితీ గల మార్గం. కూలెంట్ కారదు, ఇంజన్ క్షేమం, హీటర్ ఉండదు. ఫీనిక్స్‌లోనో మయామీలోనో ఉన్నవాళ్లు దీంతో ఏళ్లు గడిపేయవచ్చు. షికాగోలో అద్దం మీద మంచు కరగనప్పుడు ఇది వర్క్‌షాపు దాకా కారు తోలడానికే పనికొస్తుంది. థర్మోస్టాట్ పోయిన కారుకు రేడియేటర్ ముందు సగం మేర అట్టముక్క పెట్టడం ట్రక్కు డ్రైవర్ల పాత చిట్కా. భాగం వచ్చేదాకా రెండు రోజులు పర్వాలేదు, ముల్లు మీద కన్నేసి ఉంచితేనే.

సిగరెట్ సాకెట్‌లో పెట్టే చిన్న హీటర్లు కొనకండి. ఆ సాకెట్ ఇవ్వగలిగేది నూట యాభై వాట్ల చుట్టుపక్కల. ఇంట్లో వాడే మామూలు గది హీటర్ 1500 వాట్లు తీసుకుంటుంది. పదో వంతు వేడితో కారు వెచ్చబడదు.

ఎవరి చేత చేయించాలి

ముందు వారంటీ చూసుకోండి. టయోటా, హోండాల కొత్త కార్లకు మూడేళ్లు లేదా 36,000 మైళ్ల వరకు సాధారణ వారంటీ, ఇంజన్ భాగాలకు ఐదేళ్లు లేదా 60,000 మైళ్లు. వాటర్ పంపు ఈ రెండో కోవలోకి వస్తుంది, హీటర్ కోర్ రాదు. వారంటీ ఉంటే డీలరే, వేరే ఆలోచన అక్కర్లేదు.

అది ముగిసిన కారుకు థర్మోస్టాట్, పంపు, కోర్ కడగడం వంటి పనులకు స్వతంత్ర మెకానిక్ చాలు. గంట కూలి డీలరు కన్నా తక్కువ. బ్లెండ్ డోర్ సమస్యకు మాత్రం డీలరు దగ్గరి స్కానర్ ఉపయోగపడుతుంది, అది ప్రతి మోటారునూ విడిగా తిప్పి ఏది కదలడం లేదో చూపుతుంది. చాలామంది స్వతంత్ర మెకానిక్‌ల దగ్గర కూడా ఇప్పుడు అలాంటివి ఉన్నాయి, అడిగి వెళ్లండి. కోడ్ చదివించడానికి ఎక్కడా డబ్బు ఇవ్వవద్దు. చాలా రాష్ట్రాల్లో విడిభాగాల దుకాణాలు ఉచితంగా చదివి ఇస్తాయి.

వర్క్‌షాపులో "హీటర్ పనిచేయడం లేదు" అని మాత్రమే చెప్పకండి. "కూలెంట్ నిండుగా ఉంది, ఇంజన్ 92 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది, ఒక గొట్టం వేడి, ఒకటి చల్లన" అని చెప్పండి. ఆ ఒక్క వాక్యంతో సంభాషణ మారిపోతుంది. అప్పుడు కూడా కోర్ మార్చాలంటే, కడిగి చూశారా అని అడగండి. పరీక్ష రుసుము తీసుకుంటే అది మరమ్మతు బిల్లులో సర్దుతారా అన్నది కూడా ముందే తేల్చుకోండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లు

ప్రియస్ లాంటి హైబ్రిడ్‌లో ఇంజన్ ఆగి ఉన్నప్పుడు వేడి తగ్గడం సహజం. చలి ఎక్కువైతే హీటర్ కోసమే ఇంజన్ తనంతట తాను మొదలవుతుంది. ఇంజన్ తిరుగుతున్నా చల్లగాలే వస్తుంటే పైన చెప్పిన పరీక్షలే చేయాలి. 2010 తర్వాతి ప్రియస్‌లో ఇంజన్ వాటర్ పంపు బెల్టు లేకుండా విద్యుత్తుతో తిరుగుతుంది, దాన్ని కూడా జాబితాలో చేర్చుకోండి.

పూర్తి ఎలక్ట్రిక్ కారులో కథే వేరు. అక్కడ వేడినిచ్చేది విద్యుత్ హీటరో, బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంపో; టెస్లా మోడల్ వై 2020లో హీట్ పంపుతోనే వచ్చింది. థర్మోస్టాట్, గొట్టాల పరీక్షలు అక్కడ పనికిరావు. లోపల నాలుగు వందల వోల్టులతో, కొన్ని కార్లలో ఎనిమిది వందల దాకా నడిచే నారింజ రంగు తీగలుంటాయి, వాటిని ముట్టుకోవద్దు. సాఫ్ట్‌వేర్ తాజాగా ఉందో లేదో చూసి, ఒకసారి కారును రీస్టార్ట్ చేసి, అప్పటికీ వేడి రాకపోతే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. అపాయింట్‌మెంట్ దొరికేదాకా సీటు హీటర్లు వాడుకోండి. అవి క్యాబిన్ హీటర్ కన్నా చాలా తక్కువ కరెంటు తీసుకుంటాయి. ముందు అద్దం తేటగా ఉన్న రోజుల్లో మాత్రమే బయల్దేరండి.